సంధి కుదరని యుద్ధాలు

1983 జనవరిలో యమహా మోటార్ అధ్యక్షుడు కొయికే నలుగురి ముందుకూ వచ్చి ఓటమి ఒప్పుకున్నాడు. కొత్త బళ్లు తయారుచేసే సత్తాలో గానీ, అమ్మే సత్తాలో గానీ హోండాతో తూగలేకపోయామనీ, ఈ హోండా-యమహా యుద్ధాన్ని ఇక ముగించాలనుకుంటున్నామనీ చెప్పాడు. అంతకు ఏడాది ముందు వాటాదార్ల సమావేశంలో "ఏడాదిలో జపాన్‌లో మనం ఫస్టు, రెండేళ్లలో ప్రపంచంలో ఫస్టు" అని చాటింది కూడా ఈయనే.

యుద్ధం మొదలైంది 1981లో. ఆ రోజుల్లో హోండా కార్ల మీద పడింది. డబ్బు, ఇంజనీర్లు, పైవాళ్ల ధ్యాస అన్నీ అటే. మోటార్‌సైకిళ్లలో ఎప్పుడూ రెండో స్థానంలో ఉండిపోయిన యమహాకి ఇదే అదనుగా కనిపించింది. పెద్ద ఫ్యాక్టరీ కడుతున్నాం, అది పూర్తయితే హోండాని దాటేస్తాం అని ప్రకటించింది. యుద్ధశాస్త్రం ప్రకారం చూస్తే ఇందులో వంక పెట్టడానికేం లేదు. శత్రువు చూపు వేరేచోట ఉన్నప్పుడే కదా కొట్టాలి! హోండా అధ్యక్షుడు కవాషిమా మాత్రం ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: యమహాని నలిపేస్తాం.

అన్నట్టే చేశాడు. 18 నెలల్లో హోండా కొత్తవీ మార్చినవీ కలిపి 113 మోడళ్లు దింపింది. యమహా దించగలిగింది 37. ధరలు మూడోవంతుకు పైగా తెగ్గోశారు. పోరు ముదిరిన రోజుల్లో జపాన్‌లో 50 సీసీ బండి పది గేర్ల సైకిల్ కంటే చవగ్గా దొరికింది. షోరూములో హోండా వారం వారం కొత్తగా మెరుస్తుంటే పక్కనే యమహా బళ్లు నిరుటి బళ్లలా కనపడ్డాయి. చివరికి ఏడాదిపాటు అమ్మినా తరగనంత సరుకు యమహా దగ్గర పేరుకుపోయింది. గొడవతో సంబంధం లేని సుజుకీ, కవాసాకీలకు కూడా దెబ్బలు తగిలాయి.

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఈ కథని వేగానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఆ ఓటమి ప్రకటన దగ్గరే బుర్ర ఆగిపోతుంది. అలా నలుగురి ముందూ చెప్పుకోవాల్సిన ఖర్మ ఏమిటి? రాజులైతే రాయబారిని పంపేవాళ్లు. ఏ గుడారంలోనో కూర్చుని ఈ ఊళ్లు నీవి, ఆ ఊళ్లు నావి, ఏటా కప్పం ఇంత అని రాసుకుని లేచేవాళ్లు. కొయికేకి ఆ వీలు లేదు. హోండా అధ్యక్షుడితో ఓ గదిలో కూర్చుని "ధరలు ఇక్కడితో ఆపుదాం, స్కూటర్లు నువ్వు చూసుకో, పెద్ద బళ్లు నాకొదిలెయ్" అని మాట్లాడుకుంటే అది చట్ట ప్రకారం నేరం. జపాన్‌లో గుత్తాధిపత్య నిరోధక చట్టం 1947 నుంచే ఉంది. అందుకని పత్రికలవాళ్లతో మాట్లాడుతున్నట్టుగా హోండాతో మాట్లాడాడనే నేను అనుకుంటాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. యుద్ధవిద్యలో సగం యుద్ధాన్ని ఎలా ఆపాలన్నదే. వ్యాపారంలో ఆ సగం నిషేధం. నిషేధం లేని మిగతా సగాన్ని ఎత్తుకొచ్చి సేల్స్ మీటింగుల్లో వడ్డిస్తున్నాం. సంధి అవసరం లేకుండానే తేలిపోయే పోటీలు కొన్ని ఉంటాయి. వాటికి సైనిక వ్యూహం నిజంగానే పనికొస్తుంది. సంధితో తప్ప తేలనివి కొన్ని ఉంటాయి. వాటిలో దిగాక ఏ సేనాపతి పాఠాలూ అక్కరకు రావు.

మన దగ్గర ఏ ట్రైనింగ్ ప్రోగ్రాముకెళ్లినా చాణక్యుడు తప్పడు. తెర మీద పిలకతో ఒక బొమ్మ, పక్కన సామ దాన భేద దండోపాయాలు నాలుగు గడుల్లో. సామం అంటే కస్టమర్ రిలేషన్స్, దానం అంటే డిస్కౌంట్ అని వివరణ. (భేదానికి వచ్చేసరికి ట్రైనర్ కొంచెం నీళ్లు నములుతాడు. అవతలి కంపెనీ డీలర్లను లాక్కోవడం అని గొంతు తగ్గించి చెబుతాడు.) ఆ తెర మీద ఎప్పుడూ కనపడనిది షాడ్గుణ్యం. పక్క రాజుతో నడుచుకోవడానికి కౌటిల్యుడు చెప్పిన ఆరు దారులు అవి: సంధి, విగ్రహం, ఆసనం (కదలకుండా ఊరుకోవడం), యానం (దండు కదపడం), సంశ్రయం, ద్వైధీభావం. వరసలో మొదటిది సంధి. విగ్రహం, అంటే యుద్ధం, దాని తర్వాతే.

పోనీ ఊరికే మొదట పెట్టాడా అంటే, కాదు. సంధి వల్లా యుద్ధం వల్లా ఒకే లాభం వచ్చేట్టుంటే సంధికే వెళ్లమంటాడు. యుద్ధంలో జననష్టం ఉంది, ఖర్చుంది, ఇల్లు వదిలి పొరుగు దేశాల్లో పడి ఉండటం ఉంది, పైగా పాపం అంటాడు. బలం తగ్గుతున్నవాడు సంధి చేసుకోవాలి. సమానుడితో కలబడితే పచ్చికుండకు పచ్చికుండ తగిలినట్టు రెండూ పగులుతాయని హెచ్చరిస్తాడు. జపాన్ మార్కెట్లో యమహా వాటా 37 శాతం దగ్గర, హోండా వాటా 38 శాతం దగ్గర ఉండగా మొదలైన గొడవకి ఇంతకంటే సరైన వర్ణన నాకు దొరకలేదు. తీరా చూస్తే రెండో కుండ పగల్లేదు, 43కి పెరిగింది. యమహా 23కి పడిపోయింది. అయితే ఆ 43 శాతం కోసం హోండా సైకిల్ ధరకి బండి అమ్మాల్సి వచ్చిందన్నది మరవకూడదు.

ఇప్పుడు ఆ ఆరింటినీ మన చట్టం ముందు పెట్టి చూడండి. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో మూడో సెక్షన్ ప్రకారం పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోకూడదు, ఉత్పత్తి తగ్గించుకుందామని మాట్లాడుకోకూడదు, ప్రాంతాలు పంచుకోకూడదు, టెండర్లలో కూడబలుక్కోకూడదు. అంటే రాజులు సంధిపత్రంలో ఏమేం రాసుకునేవాళ్లో అవన్నీ. ఒకడితో సంధి, ఇంకొకడితో యుద్ధం అనే ద్వైధీభావమూ అక్కడే కొట్టుకుపోయింది. పక్కవాడితో సర్దుకునే దారుల్లో సంశ్రయం ఒక్కటి మిగిలింది, బలవంతుడి పంచన చేరడం. దాన్ని మనం విలీనం అని మర్యాదగా పిలుచుకుంటున్నాం.

ఈ నిషేధం కాగితానికే పరిమితం కాదు. 2012లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలకు కలిపి 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. అందరూ కూడబలుక్కుని ఉత్పత్తి తగ్గించి ధర పెంచారన్నది ఆరోపణ. అప్పీళ్లలో అది ఒకసారి పక్కకుపోయి, 2016లో మళ్లీ కొత్త ఉత్తర్వుగా వచ్చింది. సిమెంటు ఊసు తెలుగువాళ్లకు కొత్త కాదు. హుజూర్‌నగర్, దాచేపల్లి, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి, ఎటు చూసినా సున్నపురాయి, దాని పక్కనే ఫ్యాక్టరీ. అక్కడ సరుకులో తేడా ఏముంటుంది? బస్తా బస్తాకీ రంగు మారుతుందంతే. సరుకులో తేడా లేనప్పుడు పోటీ ధర మీదకే వస్తుంది. ధర మీద పోటీ ముదిరితే అందరూ మునుగుతారు. అలా మునగకుండా కూర్చుని మాట్లాడుకుందామంటే కేసు. ఆ కంపెనీల మీద నాకు జాలేం లేదు, ఇల్లు కట్టుకున్నవాణ్ణి. కానీ ఇరుక్కున్న తీరు మాత్రం అదే.

సరే, చట్టం సంగతి పక్కన పెట్టండి. రేపు చట్టం ఎత్తేసినా సంధి కుదరదనే అంటాను. ఎందుకంటే వ్యాపార యుద్ధంలో మూడోవాడొకడున్నాడు, సంధిపత్రం మీద వాడి సంతకం ఉండదు.

నేను సేల్స్‌లో ఉన్నప్పుడు తెనాలి లైన్‌లో ఒక హోల్‌సేల్ షాపు ఉండేది. బట్టల సబ్బుల మీద మా కంపెనీకీ ఇంకో కంపెనీకీ పడేది. వాళ్లు డజనుకొకటి ఫ్రీ స్కీము పెట్టారు. మేం పదికొకటి పెట్టాం. వాళ్లు ఎనిమిదికొకటి, మేం ఆరుకొకటి. నెలాఖర్లో టార్గెట్ అందకపోతే ఏరియా మేనేజరు ఫోన్ చేసి "టెరిటరీ వదలొద్దు, ఫైట్ చెయ్యండి" అనేవాడు. ఫైట్ అంటే ఏమిటయ్యా అంటే, ఆ షాపు పెద్దాయన గోడౌన్‌లో ఇంకో వంద కేసులు దించడం. ఆయనకి గోడౌన్ ఉంది, చేతిలో డబ్బుంది, తొందరేం లేదు. రెండు కంపెనీల సరుకూ స్కీములో ఎత్తేవాడు. ఆ ఫ్రీ సబ్బులన్నీ ధరలో కలిపేసి, రేపల్లె నుంచీ చీరాల నుంచీ వచ్చే చిల్లరకొట్లవాళ్లకు మా బిల్లు రేటు కంటే తక్కువకి వేసేవాడు. మర్నాడు చీరాల డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి తిట్టేవాడు, నా ఏరియాలోకి నా సరుకే నాకంటే చవగ్గా వస్తోందని.

కొన్నాళ్లకి రెండు కంపెనీలకీ రొప్పు వచ్చింది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు గానీ స్కీములు ఆగిపోయాయి. నేను ఆర్డర్ కోసం వెళితే పెద్దాయన పుస్తకం కూడా తియ్యలేదు.

"ఇప్పుడేం వద్దు బాబూ, స్కీము రానియ్యి."

"ఇంక స్కీములు లేవండీ, ఆపేశారు."

"ఆపినోళ్లు మళ్లీ మొదలుపెట్టరా ఏంటి? నేనాగుతా. నాకు ఆరుకొకటి అంటేనే రేటు."

ఆయన దగ్గర రెండు నెలలకి సరిపడా సరుకుంది, అదీ మేం దించిందే. మాకేమో నెలాఖరు ముంచుకొస్తోంది. ఎవరు ముందు దిగొస్తారో చెప్పాలా? మళ్లీ స్కీము పెట్టారు. మేం ముందా వాళ్లు ముందా అన్నది గుర్తు లేదు, పెద్ద తేడా కూడా లేదు.

యుద్ధంలో ఊరు గెలిస్తే ఊరు గెలిచినవాడిదే. ఊళ్లో జనం పన్ను కడతారు. బజార్లో గెలిచిన ఊరు మర్నాడు పొద్దున మళ్లీ బేరమాడుతుంది. యుద్ధం నాడు ఇచ్చిన ధరే న్యాయమైన ధర అనీ, అంతకుముందుది దోపిడీ అనీ దానికి తెలిసిపోయింది. ఇది అన్యాయమని నేననడం లేదు, కొనేవాడి వైపు నుంచి చూస్తే పోటీ అంటే ఇదే. కాకపోతే ఏ దండయాత్ర పాఠంలోనూ ఈ మూడోవాడు లేడు.

మరి ఆగిపోయిన ధరల యుద్ధాలు లేవా అంటే ఉన్నాయి. నాకు కనపడినంతలో అవి మూడు రకాలుగా ఆగుతాయి. ఒకడు చస్తాడు. లేకపోతే ఒకడు ఇంకొకణ్ణి కొంటాడు. ఆ రెండూ కాకపోతే, ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాటల్లేకుండా ధర పెంచుకుంటారు.

మన మొబైల్ యుద్ధంలో మూడూ జరిగాయి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డిసెంబర్ దాకా అంతా ఉచితం అంది, ఆ తర్వాత దాన్ని 2017 మార్చి చివరిదాకా పొడిగించింది. ఇది అన్యాయపు ధర అని ఎయిర్‌టెల్ కాంపిటీషన్ కమిషన్‌కి వెళ్లింది. కొత్తగా వచ్చినవాడికి మార్కెట్ మీద ఆధిపత్యం ఎక్కడుంది, లేనప్పుడు దుర్వినియోగం ఏమిటి అని 2017 జూన్‌లో కమిషన్ కొట్టేసింది. అప్పటికే పడేవాళ్లు పడుతున్నారు. ఆర్‌కామ్ (రిలయన్స్ కమ్యూనికేషన్స్) 2017 చివర్లో మొబైల్ కాల్స్ సేవలు ఆపేసింది. టాటా తన మొబైల్ కస్టమర్లను ఎయిర్‌టెల్‌కి అప్పగించింది. ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాళా పిటిషన్ వేసింది. బద్ధ శత్రువులైన వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒకటైపోయాయి. ఇవి మొదటి రెండు రకాలు.

మూడో రకం 2019 డిసెంబర్‌లో చూశాం. వారం తిరక్కుండా మూడు కంపెనీలూ రేట్లు పెంచాయి. 2024లోనూ అంతే. జూన్ 27న జియో ప్రకటించింది, మర్నాటికల్లా మిగతా రెండూ ప్రకటించాయి, జూలై మొదటి వారంలో అందరి రీచార్జీలూ పెరిగాయి. ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఒకరు బహిరంగంగా చెబుతారు, మిగతావాళ్లు పేపర్లో చదువుకుంటారు. పక్కవాణ్ణి చూసి ధర పెంచడం నేరం కాదు, పక్కవాడితో మాట్లాడుకుని పెంచడమే నేరం. చట్టం వదిలిన ఆ సందు గుండానే శాంతి లోపలికొస్తుంది. అయితే ఆ సందు ఇద్దరు ముగ్గురు పట్టేంతే. పదిమంది ఉన్నప్పుడు ఒకడు పెంచితే, పెంచకుండా కూర్చుని కస్టమర్లను ఊడ్చుకుపోయేవాడు ఒకడైనా ఉంటాడు. పదిమందిని ముగ్గురు చేశాకే శాంతి. ఆ ముగ్గురిలో ఒకడైన వొడాఫోన్ ఐడియా కూడా పడిపోకుండా ప్రభుత్వం బకాయిలను వాటాలుగా మార్చుకుంటూ వచ్చింది. 2025కల్లా దాదాపు 49 శాతం వాటా ప్రభుత్వానిదే. అంటే బాధ్యతంతా నెత్తినేసుకున్నది, అసలు యుద్ధంలో లేనివాడు.

ఒకరినొకరు కొనుక్కుని యుద్ధం ఆపే దారి ఉబర్‌కి బాగా తెలుసు. చైనాలో దీదీ అనే ట్యాక్సీ యాప్‌తో ఢీకొని ఏటా వంద కోట్ల డాలర్లు పోగొట్టుకుంటున్నామని దాని అధిపతే చెప్పాడు. 2016 ఆగస్టులో చైనా వ్యాపారం దీదీకిచ్చేసి దాంట్లో వాటా తీసుకుని బయటపడింది. 2018 మార్చిలో ఆగ్నేయాసియాలో గ్రాబ్‌తోనూ అదే పని. ఇక్కడ ఉబర్ ఈట్స్‌ని 2020 జనవరిలో జొమాటోకిచ్చి పదో వంతు లోపు వాటా పుచ్చుకుంది. ఇవి అక్షరాలా రాజుల సంధులు. రాజ్యం నీకు, కప్పం నాకు. కానీ ఈ సంధికి కూడా పైన ఇంకో దర్బారుంది. గ్రాబ్-ఉబర్ ఒప్పందం పోటీని చంపేసిందని సింగపూర్ అధికారులు ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఇద్దరికీ కలిపి కోటీ ముప్ఫై లక్షల సింగపూర్ డాలర్ల జరిమానా వేశారు.

ఉబర్, దీదీ ఎవరి డబ్బుతో కొట్టుకున్నాయన్నది ఇంకో సంగతి. ఇన్వెస్టర్ల డబ్బుతో ధరల యుద్ధం చేసే కంపెనీని చూసినప్పుడల్లా నాకు బొబ్బిలి మతికొస్తుంది. బొబ్బిలి కథ మనకి తాండ్ర పాపారాయుడి శౌర్యంగానే తెలుసు. దాన్ని విజయనగరం వైపు నుంచి ఎవరూ చెప్పరు. విజయరామరాజుకి బొబ్బిలితో ఎప్పట్నుంచో పడదు. సొంత బలంతో తేల్చుకోవచ్చు, తేల్చుకోకుండా సర్దుకోనూ వచ్చు. ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని ఫిరంగుల్ని తెచ్చుకున్నాడు. 1757 జనవరి 24న కోట బూడిదైంది. యుద్ధం గెలిచిన రాజు కొద్ది రోజుల్లోనే తన డేరాలో పాపారాయుడి చేతిలో పోయాడు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లతో పొసగక ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. పదేళ్లు తిరక్కుండా గుంటూరు తప్ప ఉత్తర సర్కారులన్నీ ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్లాయి. పక్కింటివాడి మీద కోపం ఎక్కడిదాకా పోయిందో చూడండి. అరువు ఫిరంగి తెచ్చుకున్నవాడికి యుద్ధం ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు ఉండదు. అది ఫిరంగి యజమాని హక్కు. ఎక్కడో దూరాన కూర్చున్న ఫండ్ మేనేజరు "ఇంకో ఏడాది కాల్చు" అంటే కాల్చాలి, "చాలు, అమ్మేసెయ్" అంటే అమ్మెయ్యాలి.

ఇంతసేపూ యుద్ధవిద్య పనికిరాదన్నట్టు మాట్లాడాను. పనికొచ్చేచోట అది ఎంత బాగా పనికొస్తుందో కూడా చెప్పాలి.

లాంచెస్టర్ అని ఇంగ్లండులో కార్లు తయారుచేసిన ఇంజనీరొకాయన ఉండేవాడు. 1914లో విమాన యుద్ధాల మీద ఒక లెక్క వేశాడు. దూరం నుంచి కాల్చుకునే యుద్ధంలో బలం సంఖ్య మీద కాదు, సంఖ్య వర్గం మీద, అంటే ఆ సంఖ్యని దానితోనే గుణిస్తే వచ్చేదాని మీద, ఆధారపడుతుందన్నాడు. అటు 5 విమానాలు, ఇటు 4. ఒకటే కదా తేడా అనిపిస్తుంది. వర్గాలు 25, 16. తేడా 9, దాని వర్గమూలం 3. అంటే నాలుగువైపు వాళ్లంతా పోయేసరికి ఐదువైపు ఇంకా మూడు ఎగురుతుంటాయి. ఇప్పుడు తిరగేసి చూడండి. నా దగ్గర 3 ఉన్నాయి, నీ దగ్గర 4. ఒకేసారి తలపడితే నేను నాశనం. నీ నాలుగూ రెండేసిగా రెండుచోట్ల ఉన్నప్పుడు నేను మూడింటితో ముందు ఒకచోట పడితే 9లోంచి 4 పోగా 5. తర్వాత రెండోచోట 5లోంచి 4 పోగా 1. నాకొకటి మిగిలింది, నీకేమీ లేదు. మొత్తం మీద చిన్నవాడు ఒక్కోచోట పెద్దవాడు కావచ్చన్నమాట. జపాన్‌లో ఈ లెక్కని యుద్ధం తర్వాత సేల్స్‌కి మళ్లించి పెద్ద శాస్త్రమే చేశారు.

తెలుగునాట ఈ లెక్కని అక్షరాలా చేసి చూపించింది ఈనాడు అని నా అభిప్రాయం. 1974లో తెలుగు దినపత్రిక పెట్టాలంటే ఎవరైనా విజయవాడ వెళతారు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి అక్కడే, ఏజెంట్లు అక్కడే, చదివేవాళ్లు అక్కడే. రామోజీరావు ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలుపెట్టారు. అప్పట్లో విశాఖకి పెద్ద పత్రికలన్నీ వేరే ఊళ్లలో అచ్చయి రైల్లో వచ్చేవి. బండి వచ్చి, కట్టలు దింపి, పంచేసరికి మధ్యాహ్నం. పేపరంటే భోజనం చేశాక చదివేదని ఆ ఊరు అలవాటుపడిపోయింది. తెల్లారకముందే గుమ్మంలో పడే పేపరు, అందులో తమ ఊరి కబుర్లు. దీన్ని ఎదుర్కోవాలంటే పాత పత్రికలు ఏం చేయాలి? ధర తగ్గిస్తే లాభం లేదు, పొద్దున్నే రాని పేపరు ఎంత చవకైతే ఏం? విశాఖలో ప్రెస్ పెట్టాలి. విజయవాడలో దర్జాగా అమ్ముడుపోతున్న పేపరుకి ఉత్తరాంధ్ర కోసం కొత్తగా యంత్రాలు కొనాలని అప్పటికప్పుడు ఎవరికి తోస్తుంది?

ఇక్కడ యుద్ధం జరగలేదు. కాబట్టి సంధి అక్కర్లేకపోయింది. పాఠకుడు కూడా రేపు ఎదురు తిరిగి బేరమాడడు, ఎందుకంటే అతనికి ఇచ్చింది తగ్గింపు కాదు, అప్పటిదాకా లేని వస్తువు. తర్వాత 1975లో హైదరాబాద్. 1978లో గానీ విజయవాడ రాలేదు. శత్రువు ఇంటికి ఆఖర్న వెళ్లారు, అదీ రెండు వైపుల నుంచీ బలం కూడదీసుకున్నాక. 80ల చివర్లో జిల్లా పేజీలు తెచ్చి అదే లెక్కని మండలాల దాకా దించారు. రాష్ట్రంలో ఎవరు పెద్ద అన్న ప్రశ్నని పక్కన పెట్టి, ఈ ఊళ్లో, ఈ పొద్దున ఎవరు పెద్ద అన్నదే చూసుకున్నారు.

దీనికి ఎదురు ప్రశ్న నాకు తెలుసు. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో, అన్ని పేజీలూ రంగుల్లో, రెండు రూపాయలకే దిగింది కదా, అది పక్కా ముఖాముఖి దాడే కదా, నిలబడలేదా? నిలబడింది. జియో కూడా నిలబడింది. ముఖాముఖి దాడి ఎప్పుడూ ఓడుతుందని నేననలేదు. రాజ్యానికి ఏడంగాలు చెప్పినప్పుడు కౌటిల్యుడు సైన్యం కంటే ముందు కోశాన్ని పెట్టాడు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఖజానా చూసుకోమన్నాడు. ఖజానా ఉన్నవాడు ముఖాముఖి గెలవగలడు. కానీ దాన్ని వ్యూహం అనకండి, అది డబ్బు. డబ్బున్నవాడి గెలుపుని చూసి డబ్బులేనివాడు పాఠం నేర్చుకునే అలవాటు మనకి బాగా ఉంది. జియో కథ విని స్కీము రెట్టింపు చేసిన చిన్న కంపెనీ యజమానుల్ని నేనెరుగుదును. వాళ్లకి గుండె ధైర్యం తక్కువేం లేదు. నెల నెలా జీతాలివ్వాలి, అంతే.

అందుకని ఎవరైనా మార్కెట్ మీద దండెత్తుతాం అంటే నేను వ్యూహం అడగడం మానేశాను. ఒకటే అడుగుతాను: ఇది ఆగేదెలా? అవతలివాడు చస్తేనా, నిన్ను కొంటేనా, లేక ఒక పొద్దున పేపర్లో నీ రేటు చూసి వాడూ పెంచితేనా? "ముందు వాటా రానీ, తర్వాత చూద్దాం" అన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది. యమహాలో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే డెలివరీ యుద్ధం నడుస్తోంది. బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్, జెప్టో ముగ్గురూ కొట్టుకుంటుండగానే ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ కూడా దిగాయి. బ్లింకిట్‌ని జొమాటో 2022లోనే కొనేసింది, అంటే ఒక సంధి అయిపోయింది, అయినా పోటీ తగ్గలేదు. అయిన ఖర్చుకంటే తక్కువకి అమ్ముతున్నారని 2024లో డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య కాంపిటీషన్ కమిషన్ గుమ్మం తొక్కింది. ఐదుగురు ఉన్నంతకాలం ముఖాలు చూసుకుని ధర పెంచుకోవడం కుదరని పని. కాబట్టి ఒకరిద్దరు పోవాలి, లేదా అమ్ముడుపోవాలి. అప్పటిదాకా మనకి టమాటాలు చవగ్గా వస్తాయి, ఆ తర్వాత డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, వానొస్తే వాన చార్జీ.

మా వీధి కిరాణా కొట్టాయన ఈ మధ్య షాంపూలు, బిస్కట్ పెద్ద ప్యాకెట్లు, డైపర్లు తెప్పించడం మానేశాడు. అవి యాప్‌లో తన కొనుగోలు ధరకంటే తక్కువకి వస్తున్నాయట. ఆ అరలు ఖాళీ చేసి పొద్దున ఆరింటికల్లా దోసె పిండి, ఇంటి పచ్చళ్లు, విడిగా తూచే పప్పులు పెడుతున్నాడు. పక్క సందులో కట్టుబడి జరుగుతున్నచోట కూలీలకి వారానికోసారి తీర్చే ఖాతా తెరిచాడు. యాప్‌లో వాళ్లకి అప్పివ్వరు. మీకు పోటీ ఎక్కువైందటగా అని అడిగితే, "ఆళ్లకీ నాకూ పోటీ ఏంటండీ, ఆళ్ల గిరాకీ వేరు" అన్నాడు.